కోలార్ సైనైడ్ దిబ్బల చుట్టూ మట్టినీ నీటినీ పరీక్షించిన నా అనుభవం

కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి ఆ రోజు వరకు అక్కడి నేల నుంచి సుమారు 800 టన్నుల బంగారం తీశారని లెక్క. టన్ను రాయిని పిండి చేస్తే చేతికి వచ్చేది కొన్ని గ్రాముల బంగారం మాత్రమే కాబట్టి, మిగిలిన పిండి అంతా ఊరి మధ్యనే గుట్టలుగా పేరుకుపోయింది. అలాంటి దిబ్బలు 13 ఉన్నాయని, వాటి విస్తీర్ణం వెయ్యి ఎకరాలకు పైమాటేనని, అందులో దాదాపు 3.3 కోట్ల టన్నుల పదార్థం ఉందని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. బంగారాన్ని కరిగించి వేరు చేయడానికి సైనైడ్ వాడారు గనుక ఊళ్లో అందరూ వాటిని సైనైడ్ దిబ్బలు అంటారు.

మాది కుప్పం వైపు. మా ప్రాంతంలో ఈ గనులలో పనిచేసిన మనిషి లేని ఇల్లు అరుదు. కోలార్ పసిడి శిలాపట్టీ దక్షిణపు కొస మా చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట, బిసానత్తం గనుల వరకు సాగుతుంది, పాలారు నది కూడా బేతమంగళం దాటి మా సీమలోకి వచ్చి తర్వాత తమిళనాడులోకి వెళ్తుంది. పర్యావరణ భూరసాయన శాస్త్రంలో పరిశోధన చేసే అవకాశం వచ్చినప్పుడు, ఈ దిబ్బల నుంచి ఏమేమి బయటికి పోతున్నాయో, ఎంత దూరం పోతున్నాయో, అవి మనుషుల ఒంట్లోకి చేరే వీలు ఎంత ఉందో కొలవాలని నిర్ణయించుకున్నాను. ఆ పని ఎలా సాగిందో, అందులో దేనిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలో ఇలాంటి గనుల దగ్గర పనిచేయబోయే విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ఊరివాళ్లు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ఇందులో ఇంకా సైనైడ్ ఉండాదా?" ఆ భయం సహజమైనదే. అయితే స్వేచ్ఛగా ఉండే సైనైడ్ ఎండకూ గాలికీ సూక్ష్మజీవులకూ తట్టుకుని ఏళ్ల తరబడి నిలవదు. ఇనుముతో గట్టిగా పెనవేసుకున్న సైనైడ్ సంయోగాలు మాత్రం వెలుతురు చేరని లోతుల్లో చాలాకాలం ఉండగలవు. అందువల్ల దిబ్బ పైపొరలో మొత్తం సైనైడ్‌నూ, బలహీనమైన ఆమ్లంతో విడిపోయే సైనైడ్‌నూ విడివిడిగా కొలిపించాం. కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఎన్నటికీ విరిగిపోని పదార్థాలు. ఆర్సెనిక్, నికెల్, రాగి, సీసం మూలకాలు. వాటిని ఏ ఎండా తినేయదు. ఈ పట్టీలో కొన్ని ఖనిజ సిరలలో, అంటే బంగారం దొరికే రాతి చారలలో, గంధకం తక్కువ, కొన్నింటిలో ఆర్సెనిక్ కలిగిన ఆర్సెనోపైరైట్, పైరోటైట్ వంటి గంధక ఖనిజాలు ఎక్కువ. ఏ సిర రాయి ఏ మిల్లుకు వెళ్లిందన్నదాన్ని బట్టి ఒక్కో దిబ్బ స్వభావం ఒక్కో రకంగా ఉంటుంది. అన్నింటినీ ఒకే గాటన కట్టి "కేజీఎఫ్ దిబ్బ" అని మాట్లాడటం మొదటి అడుగులోనే తప్పుదారి పట్టిస్తుంది.

సైనైడ్ రాకముందు తొలి ఏళ్లలో పాదరసంతో బంగారాన్ని పట్టేవారు. అందుకే పాత మిల్లులు ఉండిన స్థలాలను పాత పటాల మీద గుర్తించి, అక్కడి మట్టిలో పాదరసం కూడా చూడాలని జాబితాలో చేర్చుకున్నాం. మిగతా లోహాల నమూనాలను ఆరబెట్టవచ్చు గానీ పాదరసం వేడికి ఎగిరిపోతుంది కాబట్టి దానికోసం తడి నమూనాను విడిగా చల్లగా దాచాలి.

బయలుదేరే ముందు మా మార్గదర్శకులు నాచేత ఒక పెద్ద కాగితం మీద బొమ్మ గీయించారు. కాలుష్యం పుట్టే చోటు ఏది, అది ప్రయాణించే దారి ఏది, చివరికి ఎవరిని చేరుతుంది అన్న మూడూ అందులో ఉండాలి. మూడింటిలో ఒకటి లేకపోయినా అక్కడ ప్రమాదం ఉన్నట్టు కాదు. దిబ్బ మీద ఎంత ఆర్సెనిక్ ఉన్నా దాని దుమ్ము ఎవరి ఇంట్లోకీ రాకపోతే, దాని నీరు ఏ బావినీ చేరకపోతే లెక్క వేరు. మా బొమ్మలో నాలుగు దారులు తేలాయి. గాలికి లేచే దుమ్ము ఒకటి. వానకు కోసుకుపోయి వంకల ద్వారా కుంటలకు చేరే పిండి రెండవది. దిబ్బలోకి ఇంకి అడుగు నుంచి భూగర్భజలంలో కలిసే నీరు మూడవది. నాలుగవది నాకు ముందు తట్టనిదీ, ఒక రైతు మాటల్లో బయటపడినదీ: వేసవిలో కుంట ఎండినప్పుడు ట్రాక్టర్లతో ఎత్తి పొలాలకు తోలుకునే పూడిక మట్టి. చెరువు మట్టి పొలానికి బలమని మన రైతులు తరతరాలుగా నమ్ముతారు, ఆ నమ్మకం నిజం కూడా. అయితే ఆ చెరువు పైన సైనైడ్ దిబ్బ ఉంటే ఆ మట్టిలో ఏముందో చూడకుండా తోలకూడదు.

ఈ పని మొత్తంలో అన్నింటికంటే కష్టమైనది పోల్చుకోవడానికి తగిన శుభ్రమైన చోటును ఎంచుకోవడం. నా ఉద్దేశంలో ఒక అధ్యయనం నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. కోలార్ శిలాపట్టీ దాదాపు 80 కిలోమీటర్ల పొడవుతో, గనుల దగ్గర మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పుతో సాగే సన్నని పట్టీ. అందులో ఎక్కువగా ఉండేది నల్లని హార్న్‌బ్లెండ్ శిల. పట్టీకి ఇరువైపులా గ్రానైట్ నైస్ శిలలు, వాటి మీద ఎర్ర నేలలు. హార్న్‌బ్లెండ్ శిల మీద ఏర్పడిన నేలలో, గని అనేది అక్కడ ఎన్నడూ లేకపోయినా, క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువగా ఉంటాయి. ఐదు కిలోమీటర్లు పక్కకు వెళ్లి గ్రానైట్ నేల నుంచి మట్టి తెచ్చి "ఇది స్వచ్ఛం" అని దానితో పోలిస్తే, గనికి ఏ సంబంధమూ లేని నికెల్‌ను కూడా గని ఖాతాలో వేసినట్టవుతుంది. దానికి తోడు బంగారం ఉన్న సిరల చుట్టూ రాయిలోనే ఆర్సెనిక్ చెదిరి ఉంటుంది. కాబట్టి శిలాపట్టీ మీదే, దిబ్బలకు దూరంగా, గాలి వచ్చే దిక్కున, వంకకు ఎగువన ఉండే చోట్లు కొన్ని, గ్రానైట్ నేల మీద మరికొన్ని విడిగా ఎంచుకున్నాం. అంతేకాక పైమట్టి తీసిన ప్రతి పోల్చుకునే చోటా ఒక మీటరు లోతు మట్టి కూడా తీశాం. లోతులో తక్కువగా, పైన ఎక్కువగా ఉంటే అది బయటి నుంచి వచ్చి పడినది, పైనా కిందా ఒకే తీరుగా ఉంటే అది రాయి ఇచ్చినది అని చెప్పడానికి ఆ రెండు పొరలే సాక్ష్యం.

అనుమతుల కోసం తిరగడం గురించి ఎక్కువ రాయను. భూమి ఒకరిది, ఖనిజం ఒకరిది, నీటి వనరు పంచాయతీది. ముగ్గురికీ విడివిడిగా అర్జీ పెట్టాలి, ఏ నమూనా ఎక్కడ తీస్తామో పటంతో సహా ఇవ్వాలి.

మట్టి తీయడంలో లోతును ముందే నిర్ణయించుకోవాలి, అది మనం అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. పిల్లలు ఆడుకునే చోట చేతికి అంటుకుని నోట్లోకి పోయేది పైపొర గనుక అక్కడ ఐదు సెంటీమీటర్లకు మించి తవ్వలేదు. రాగి, టమోటా, మల్బరీ పండే పొలాలలో దుక్కి పొర అంతటినీ, అంటే ఇరవై సెంటీమీటర్ల వరకు తీశాం. ఒక్క గుంత నుంచి తీసిన మట్టి ఆ గుంత గురించి మాత్రమే చెబుతుంది కాబట్టి ప్రతి చోటా ఐదు గుంతల మట్టిని ప్లాస్టిక్ గుడ్డ మీద కుప్పగా పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ అలాగే పంచుతూ కిలో మట్టి మిగిలేవరకు తగ్గించాం. తుప్పు పట్టిన గడ్డపార, క్రోమియం పూత ఉన్న పరికరాలు పనికిరావు. ఒక చోటికీ మరో చోటికీ మధ్య తవ్వే పరికరాన్ని శుద్ధజలంతో కడిగి, ఆ కడిగిన నీటిని కూడా అప్పుడప్పుడు సీసాలో పట్టి పరీక్షకు పంపాం.

దిబ్బ అడుగున కనిపించినది కొంచెం వివరంగా చెబుతాను. దూరం నుంచి చూస్తే బూడిద, లేత పసుపు కలిసిన ఒకే రంగు గోడలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే వాన కోసిన గాడులు పై నుంచి కింది వరకు కనిపిస్తాయి. గాడుల లోపలి గోడల మీద బూడిద రంగు పొరల మధ్య తుప్పు రంగు చారలు, అక్కడక్కడ గంధకపు పసుపు మరకలు ఉంటాయి. అక్కడి మట్టిని శుద్ధజలంలో కలిపి పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) చూస్తే ఒకే గాడిలో అడుగు దూరంలోనే రెండు పూర్తిగా వేరు వేరు విలువలు వచ్చాయి. బూడిద రంగు పొరలో, మిల్లులో కలిపిన సున్నం ఇంకా పనిచేస్తోంది. తుప్పు రంగు చారలో గంధక ఖనిజం గాలికీ తేమకూ మారి ఆమ్లాన్ని పుట్టిస్తోంది. ఎండాకాలం చివరలో దిబ్బ పాదం దగ్గర తెల్లని పొర కడుతుంది. గోటితో గీకితే పిండిలా రాలే ఆ లవణం నీటిలో ఇట్టే కరుగుతుంది. లోపలి తేమ పైకి ఎక్కి ఆవిరైపోతూ కరిగిన లోహాలను, సల్ఫేట్‌ను ఇక్కడ వదిలి వెళ్తుంది. మేకలు ఆ చోటికి వచ్చి ఆగడం నేను చూశాను, వాటిని తోలుకొచ్చిన అవ్వ "ఉప్పుకు నాకతాయి నాయనా, ఎంత అదిలించినా పోవు" అంది. తొలకరి వాన పడగానే ఆ పొర అంతా ఒక్కసారిగా కరిగి వంకలోకి దిగుతుంది. అందువల్ల వంక నీటిని నడి వానాకాలంలో తీస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి వాన మొదటి గంట నీరే అసలు నిజం చెబుతుంది. ఆ గంట కోసం దగ్గరలో ఒక ఇంట్లో సీసాలు సిద్ధంగా ఉంచి, మబ్బు చూసి ఎదురుచూశాం.

నీటి నమూనాలకు ఒక్కో పరీక్షకు ఒక్కో సీసా ఉండాలి. లోహాల కోసం తీసిన నీటిని అక్కడికక్కడే 0.45 మైక్రాన్ వడపోత కాగితం గుండా పంపి, పీహెచ్ 2 కంటే దిగేవరకు స్వచ్ఛమైన నైట్రిక్ ఆమ్లం కలపాలి. అలా చేయకపోతే ప్రయాణంలోనే ఇనుము తుప్పుగా మారి ఆర్సెనిక్‌ను తనతోపాటు సీసా గోడకు అంటిస్తుంది, ప్రయోగశాలకు చేరేసరికి నీటిలో ఏమీ మిగలదు. వడపోయని నీటిని ఇంకో సీసాలో పట్టాలి, ఎందుకంటే జనం తాగేది వడపోసిన నీరు కాదు. సైనైడ్ సీసాకు దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. సోడియం హైడ్రాక్సైడ్ కలిపి పీహెచ్ 12 దాటించి, వెలుతురు తగలకుండా మంచుపెట్టెలో పెట్టాలి. పొరపాటున సైనైడ్ సీసాలో ఆమ్లం పడితే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది గనుక రెండు రకాల సీసాలకు మూతల రంగులు వేరుగా పెట్టి, వాటిని వేర్వేరు మనుషులకు అప్పగించాం. బోరు నీటిని మోటారు వేయగానే పట్టకూడదు. గొట్టంలో నిలిచిన నీరు పోయి, ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత మూడూ మారకుండా నిలిచిన తర్వాతే పట్టాలి. కోలార్ జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి, కరెంటు వచ్చే వేళలు తక్కువ, రైతు తన పంటకు పారించుకోవలసిన నీటిని మా మీటరు స్థిరపడేవరకు వదలడమంటే అది ఆయన చేసిన పెద్ద సాయం. ఆ నీరు వృథా కాకుండా మడిలోకే మళ్లించేలా గొట్టం పెట్టి పనిచేసుకున్నాం.

తర్వాత కుంట. నీరు ఎండిన తర్వాత కుంట గర్భంలో ఒక వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టాన్ని సుత్తితో దిగ్గొట్టి, పైకి లాగి, నిలువుగా రెండుగా కోశాం. పైన గోధుమ రంగు ఒండ్రు, దాని కింద వేలెడు మందాన బూడిద రంగు సన్నని పిండి పొర, మళ్లీ ఎర్రని బంక మట్టి, మళ్లీ ఒక సన్నని బూడిద రంగు గీత. వేళ్ల మధ్య నలిపితే ఒండ్రు జిగటగా అంటుకుంటుంది, ఆ బూడిద పొర మాత్రం టాల్కం పౌడరులా జారిపోతుంది. దిబ్బ గట్టు తెగినప్పుడో, గట్టి వాన పడినప్పుడో కొట్టుకొచ్చిన పిండి అది. మాతో ఉన్న గని కార్మికుడు, ముప్ఫై ఏళ్లు చాంపియన్ రీఫ్ గనిలో దిగినవారు, ఆ పొరను చూడగానే "ఇది మిల్లు పిండే బాబూ, మట్టి కాదు" అన్నారు. పొరలను విడివిడిగా కోసి సంచుల్లో వేశాం. పూడిక ఎత్తే ట్రాక్టరు ఈ పొరలను చూడదు, అన్నింటినీ కలిపి తోలుతుంది.

కుంట మట్టిలో ఇంకో సంగతి ఉంది. పొడిగా, గాలి తగిలే నేలలో ఆర్సెనిక్ ఇనుప తుప్పును గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంటుంది. నీరు నిలిచి గాలి అందని బురదలో ఆ తుప్పు కరిగిపోతుంది, దాన్ని పట్టుకున్న ఆర్సెనిక్ కూడా నీటిలోకి దిగుతుంది. అదే పూడిక మట్టిని రాగి చేనుకు తోలడానికీ, నీళ్లు కట్టి ఉంచే వరి మడికి తోలడానికీ తేడా ఇక్కడే ఉంది. వరి మొక్క ఆ ఆర్సెనిక్‌ను వేళ్ల ద్వారా సులభంగా తీసుకుంటుంది. ఆమ్లపు నేలకు సున్నం వేస్తే నికెల్, రాగి వంటివి అణగుతాయి గానీ, సున్నం మరీ ఎక్కువై పీహెచ్ పెరిగిపోతే ఆర్సెనిక్ కదలడం మొదలుపెడుతుంది. అన్ని లోహాలకూ ఒకే మందు వేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

దుమ్ము సంగతి ఆషాఢ మాసంలో చూడాలి. అప్పుడు పడమర, నైరుతి నుంచి గాలి విసురుగా వీస్తుంది, దిబ్బ పైనుంచి తెల్లని తెర లేచి తూర్పు వైపు ఇళ్ల మీదికి దిగుతుంది. దిబ్బ పక్కన వరుస ఇళ్లలో ఉండే ఒక ఆమె "కిటికీ మూసినా ఆగదు, అన్నం పళ్లెంలో ఇసక కరకరమంటాది" అన్నారు. మిద్దె మీద, కిటికీ గూటిలో పేరుకున్న దుమ్మును మెత్తని బ్రష్‌తో ఊడ్చి సేకరించాం, గాలి వచ్చే వైపున ఉన్న ఇళ్లలోనూ అదే పద్ధతిలో తీశాం. గాలిలోని దుమ్ముకు పీఎం10ను, అంటే 10 మైక్రాన్ల లోపు సన్నని దుమ్మును, కొలిచే యంత్రం పెట్టాం. మన జాతీయ ప్రమాణం ప్రకారం అది 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు, ఆర్సెనిక్ ఏడాది సగటున 6 నానోగ్రాములు దాటకూడదు. ఈ దుమ్ములో చాలా భాగం నలిగిన స్ఫటిక శిల, అంటే సిలికా. గని లోపల ఆ సిలికాను పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిన కార్మికుల కథ ఆ ఊరికి కొత్త కాదు. లోహాల పట్టిక ఒక్కటే చూసి దుమ్ము ప్రమాదం తేల్చడం ఆ మనుషులకు అన్యాయం, అందుకే సిలికాను కూడా విడిగా కొలవాలని పట్టుబట్టాను.

ప్రయోగశాల దశలో విద్యార్థులు జాగ్రత్తపడవలసినవి చాలా ఉన్నాయి. చేతిలో పట్టుకుని ఎక్స్-కిరణాలతో మూలకాలను కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం పొలంలో ఎంతో ఉపయోగం, ఏ గీతల వెంట ఎక్కువగా నమూనాలు తీయాలో నిమిషాల్లో చెబుతుంది. కానీ ఒక్కో మూలకాన్ని అది వెలువరించే కిరణపు రేఖను బట్టి గుర్తించే అందులో ఆర్సెనిక్ ప్రధాన రేఖ 10.54 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, సీసం రేఖ 10.55 దగ్గర పడతాయి, ఒకటి ఎక్కువగా ఉంటే రెండోదాని విలువ నమ్మదగినది కాదు. తడి మట్టి మీద పెడితే తక్కువ చూపిస్తుంది. చివరి మాట అతి స్వల్ప లోహాలను కూడా కొలిచే ప్రయోగశాల ఐసీపీ-ఎంఎస్ యంత్రానిదే. ఒక ప్రైవేటు ప్రయోగశాల మొదట పంపిన నీటి నివేదికలో ఆర్సెనిక్ ఎదురుగా "గుర్తింపు స్థాయికి దిగువ" అని మాత్రమే ఉంది. గుర్తింపు స్థాయి, అంటే యంత్రం చూడగల అతి తక్కువ విలువ, ఎంత అని అడిగితే, అది తాగునీటి ప్రమాణం కంటే ఎక్కువగా ఉందని తేలింది. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, సీసం కూడా 0.01, సైనైడ్ 0.05, కాడ్మియం 0.003. అంత చిన్న విలువను చూడలేని యంత్రంతో "ఏమీ లేదు" అని చెప్పడం గుడ్డివాడు చీకటి లేదని చెప్పడంతో సమానం. ఆ నీటినంతా మరో చోట మళ్లీ పరీక్షించాం. అప్పటి నుంచి ప్రతి విడతలోనూ శుద్ధజలపు సీసా ఒకటి, జంట నమూనాలు కొన్ని, లోహాల విలువ ముందే ధ్రువీకరించిన ప్రామాణిక మట్టి కొంత కలిపి, ఏది ఏదో ప్రయోగశాలకు తెలియకుండా సంఖ్యలు మాత్రం వేసి పంపుతున్నాం.

దిబ్బ పదార్థం ముందు ముందు ఆమ్లం పుట్టిస్తుందా లేదా అన్నది వేరే పరీక్ష. గంధక ఖనిజం ప్రతి ఒక్క శాతం గంధకానికి పుట్టించే ఆమ్లాన్ని చల్లార్చాలంటే టన్నుకు 31.25 కిలోల కాల్షియం కార్బొనేట్ కావాలి. పదార్థంలో నిజంగా ఉన్న సున్నపు శక్తిని దీనితో పోలిస్తే తూకం ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. బూడిద పొరలు ఇప్పుడు తటస్థంగా ఉన్నాయని సంతోషించడానికి లేదు. సున్నం అయిపోయే రోజు లెక్కలో ఉండాలి.

మొత్తం లోహం ఎంత ఉందో తెలిసిన తర్వాత ఒంట్లోకి ఎంత చేరుతుందన్నది మిగిలింది. గాఢ ఆమ్లంలో మట్టిని కరిగించి కొలిచే విలువ రాయి లోపల బంధింపబడిన లోహాన్ని కూడా లెక్కిస్తుంది, మనిషి కడుపు అంత బలమైనది కాదు. అందుకని చేతికి అంటుకునే సన్నని భాగాన్ని, అంటే 150 మైక్రాన్ జల్లెడ దాటిన మట్టిని, పీహెచ్ 1.5 ఉన్న గ్లైసీన్ ద్రావణంలో, ఒంటి వేడికి సమానమైన 37 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పి, ఎంత కరిగిందో చూశాం. ఒక గ్రాము మట్టికి వంద మిల్లీలీటర్ల ద్రావణం. ఈ పరీక్ష తర్వాత మా పటం మారిపోయింది. మొత్తం ఆర్సెనిక్ బాగా ఎక్కువగా ఉన్న ఒక దిబ్బ లోపలి పొరలో కరిగేది తక్కువ, ఎందుకంటే అది ఇంకా మారని ఆర్సెనోపైరైట్ గింజల్లోనే ఉంది. దానికంటే మొత్తం విలువ తక్కువగా ఉన్న ఇంటి దుమ్ములోనూ, గాడులలోని తుప్పు రంగు మట్టిలోనూ కరిగే వంతు ఎక్కువగా వచ్చింది. జాగ్రత్త తీసుకోవలసిన చోట్ల వరుస తలకిందులైంది. మొత్తం విలువల పట్టిక ఒక్కటే చూసి ఎక్కడ ముందు బాగుచేయాలో నిర్ణయించి ఉంటే, డబ్బంతా మనుషులు అడుగుపెట్టని చోట పోసేవాళ్లం.

మట్టికి మన దేశంలో నీటికి ఉన్నట్టు స్పష్టమైన పరిమితుల పట్టిక అలవాటులో లేదు కాబట్టి, చాలామంది కెనడా ప్రమాణాన్ని, అంటే ఆర్సెనిక్‌కు కిలో మట్టిలో 12 మిల్లీగ్రాములు అన్నదాన్ని తెచ్చి పెడతారు. ఖనిజ సిరల మీద ఉన్న నేల సహజంగానే ఆ గీతను దాటవచ్చు. జర్మన్ శాస్త్రవేత్త ముల్లర్ 1969లో ఇచ్చిన కాలుష్య సూచిక నేపథ్య విలువను, అంటే ఆ నేలలో సహజంగా ఉండే లోహపు విలువను, ఒకటిన్నర రెట్లు చేసి దానితో పోలుస్తుంది గనుక కొంత మెరుగు, అదైనా మనం ఇచ్చిన నేపథ్య విలువ ఎంత నిజమో అంతే నిజం. హార్న్‌బ్లెండ్ నేలతో పోల్చినప్పుడు నికెల్, క్రోమియం చాలా చోట్ల కాలుష్యపు జాబితా నుంచి తప్పుకున్నాయి. ఆర్సెనిక్ తప్పుకోలేదు, గాలి దిగే వైపున, వంక దిగువన అది నిలిచే ఉంది. బావుల్లో మేం చూసిన సల్ఫేట్ దిబ్బలకు దగ్గరగా పెరిగింది. ఫ్లోరైడ్ మాత్రం దిబ్బలతో సంబంధం లేకుండా గ్రానైట్ నేల బోర్లలోనూ కనిపించింది, అది ఆ జిల్లా రాళ్లదే. నైట్రేట్ ఎరువులదీ మురుగుదీ. ఈ మూడింటినీ విడదీయకుండా "నీరు పాడైంది, గనే కారణం" అని రాస్తే, ఊరికి కావలసిన ఫ్లోరైడ్ వడపోత యంత్రం ఎప్పటికీ రాదు.

ఫలితాలను ఊళ్లో చెప్పడానికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ కావలసి వచ్చాయి. సంఖ్యలు చదవలేదు. ఏ బావి నీరు తాగవచ్చు, ఏది బట్టలకూ పశువుల కొట్టానికీ మాత్రమే వాడాలి, ఏ కుంట పూడికను ఇంటి పెరడుకూ వరి మడికీ తోలకూడదు, దుమ్ము రోజుల్లో ఇల్లు చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో ఎందుకు తుడవాలి, పిల్లల చేతులు అన్నానికి ముందు ఎందుకు కడగాలి అన్నవి పటం మీద చూపించి చెప్పాం. ఒక పెద్దాయన లేచి "పూడిక వద్దంటివి, సరే. మరి నా చేనుకు ఏం తోలాల?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దిబ్బల దారిలో లేని ఇంకో చెరువు మట్టిని కూడా పరీక్షించి, అది వాడుకోవచ్చని తేలాకే ఆయనకు జవాబు చెప్పగలిగాం. వద్దు అని చెప్పి ఊరుకునే అధ్యయనం సగం పనే చేసినట్టు.

2024లో కర్ణాటక మంత్రివర్గం ఈ 13 దిబ్బలను వేలం వేయాలన్న కేంద్ర ప్రతిపాదనకు సమ్మతి తెలిపింది. అందులో మిగిలిన కొద్దిపాటి బంగారం కోసం వాటిని మళ్లీ తవ్వి శుద్ధి చేయవచ్చు. దిబ్బలు తొలగిపోవడం ఊరికి మేలే కావచ్చు, కానీ ఇన్నేళ్లుగా గాలి తగలని లోపలి పొరలను తెరిచినప్పుడు దుమ్ము, ఆమ్లం, లోతుల్లో మిగిలిన సైనైడ్ సంయోగాలు అన్నీ మళ్లీ కదులుతాయి. 2025లో కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు గనుల తవ్వకం వల్ల కలిగే కాలుష్యాన్ని తమ పరిధి బయట ఉంచాయి. కాబట్టి తవ్వకానికి ముందు నేల ఎలా ఉందో, నీరు ఎలా ఉందో చెప్పే నమ్మదగిన రికార్డు ఊరి చేతిలో ఉండటం అత్యవసరం. మా నమూనాలన్నింటిలో సగం మట్టిని వాడకుండా, ఆరబెట్టి, జల్లించి, సీలు వేసి విడిగా దాచాం. ప్రతి చోటుకూ అక్షాంశ రేఖాంశాలు, లోతు, తీసిన తేదీ, ఫోటో ఉన్నాయి. పోల్చుకునే చోట్ల దగ్గర రాతి గుర్తులు పాతి, వాటి పటం ఒక ప్రతి పంచాయతీకీ, ఒక ప్రతి అక్కడి ఉన్నత పాఠశాల విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయులకూ ఇచ్చాం. తవ్వకం మొదలైతే అవే చోట్లలో, అదే లోతులో, అదే ఆషాఢంలో, అదే తొలకరి గంటలో మళ్లీ నమూనాలు తీయడానికి కావలసిన సీసాల జాబితాతో సహా ఆ కాగితాలలో రాసి ఉంది.